జర్మనీ సారు అన్న మాట

ఫుట్‌బాల్‌లో నన్ను బ్యాకు ఆడమన్నది నా ఆట చూసి కాదు, నా ఒళ్ళు చూసి. స్కూల్లో పీటీ సారు గోలు ముందు ఒక గీత గీసి, నన్ను దాని మీద నిలబెట్టి, "ఈడ్నే ఉండప్పా, కదలొద్దు. నిన్ను సుట్టుకోని పోవల్లంటే ఎవనికైనా టైము పడ్తాది" అన్నాడు. తరగతి తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. లావుగా ఉన్నవాడు తనూ నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని నాకు చిన్నప్పుడే తెలుసు.

మాది బళ్ళారి జిల్లాలో కెంచనగుడ్డ దగ్గర కాలవ కింద ఒక క్యాంపు. మా తాత వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టారు. అప్పట్నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి మేం క్యాంపోళ్ళమే. తాతని తుంగభద్ర ఒడ్డునే కాల్చాం, నేను పుట్టింది సిరుగుప్ప ఆసుపత్రిలో, అయినా క్యాంపోళ్ళమే. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. కన్నడం ఒక పట్టాన నోరు తిరగక, మా క్యాంపు పిల్లలం ఒక చిట్కా కనిపెట్టాం. తెలుగులో 'వ' ఉన్నచోట 'బ' పెడితే సగం కన్నడం వచ్చేసినట్టే. వెన్న బెణ్ణె, వెండి బెళ్ళి, వేసవి బేసిగె. ఆ చిట్కాతోనే పరీక్షలు గట్టెక్కాను. ఆ చిట్కాతోనే నిండా మునిగాను కూడా.

అప్పుడే సండూరులో ఒక ఇనుప ఖనిజం మైన్సు ఓనరు ఫుట్‌బాల్ బడి పెట్టాడు. యంత్రాలు కొనడానికి జర్మనీ వెళ్ళినవాడు అక్కడ మ్యాచ్ చూసి మనసు పారేసుకుని, యంత్రంతోపాటు ఒక మనిషిని కూడా తెచ్చుకున్నాడు. ఆ మనిషి తన వయసంతా అక్కడ జీతానికి బ్యాకు ఆడినవాడు. హాస్టలు, తిండి, బూట్లు అన్నీ ఓనరువే. వేసవి చివర ఓ పెద్ద మ్యాచ్ పెట్టి, బాగా ఆడినవాళ్ళని బెంగళూరు జట్టుకి పంపుతామన్నారు. నన్ను బడిలోకి తీసుకున్నారు.

మా నాన్న బ్యాగు సర్దుతున్న నా ముందు నిలబడి ఒక్కటే చెప్పాడు. "వేసవి దాకా చూస్తానురా అబ్బాయ్. బెంగళూరు తీసుకెళ్తే సరే, నీ ఇష్టం. తీసుకెళ్ళకపోతే ట్రాక్టరెక్కాలి. మళ్ళీ నా ఇంట్లో బంతి పేరు ఎత్తకూడదు." మా నాన్న అన్న మాట మీద నిలబడే మనిషి. అందరూ దాన్ని మంచి గుణం అంటారు, ఆయన కింద బతకని వాళ్ళు.

జర్మనీ సారు మోకాళ్ళు చూస్తే నాకు అన్నం సయించేది కాదు. కోసి కుట్టి, మళ్ళీ కోసి కుట్టిన మోకాళ్ళు. ముందు పై పన్ను ఆటలోనే ఊడింది. దాని చోట పెట్టుడు పన్ను. గ్రౌండులో అరిచేటప్పుడూ, లారీలు గుంతలు చేసిన రోడ్ల మీద బస్సెక్కేటప్పుడూ, మింగేస్తానేమోనని దాన్ని తీసి జేబులో వేసుకునేవాడు. ఆయనది బొగ్గు గనుల ఊరట. మొదటిరోజే మా చేతిరుమాళ్ళు చూసి, "మా ఊళ్ళో ముక్కు చీదితే నల్లగా వచ్చేది. మీకు ఎర్రగా వస్తుంది. అంతే తేడా" అన్నాడు. ఆయన ఇంగ్లీషు కూడా మా ఇంగ్లీషు లాగే ముక్కలు ముక్కలు. అందుకే మాకు బాగానే అర్థమయ్యేది.

బ్యాకులకి ఆయన నేర్పిన మొదటి పాఠం కళ్ళు మూయకపోవడం. మమ్మల్ని గోడకి ఆనించి నిలబెట్టి, ముఖం మీదకి బంతి కొట్టేవాడు. కళ్ళు మూసినవాడికి మళ్ళీ కొట్టేవాడు. నా ముక్కు పగిలి, బనియను మీద కారి, ఎర్రదుమ్ములో కలిసి ఏది రక్తమో ఏది మన్నో తెలియకుండా పోయినరోజున నేను కళ్ళు మూయలేదు. "గూట్" అన్నాడు. గూట్ అంటే గుడ్ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ ఒక్క మాట కోసం నేను ఇంకో ముక్కు పగలగొట్టుకునేవాణ్ణి.

ఇంకో మాట ఉంది. అసలు కథ దానిదే. బంతి మా గోలు దగ్గరకి రాగానే ఆయన గీత బయట నిలబడి "వెక్! వెక్!" అని అరిచేవాడు. జర్మనీ భాషలో దానికి అర్థం అవతలికి పో, తీసి పారెయ్ అని. బంతికైనా మనిషికైనా ఒకటే మాట. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు పన్ను లేని నోట్లోంచి గాలితో కలిసి వచ్చిన ఆ మాట మాకెవరికీ వెక్ అని వినపడలేదు. బేక్ అని వినపడింది. బేకు. కన్నడంలో బేకు అంటే కావాలి. ఈ జిల్లాకి పై రాష్ట్రాల నుంచి ఏ ఇంజినీరొచ్చినా మొట్టమొదట నేర్చుకునే కన్నడం అదే: చా బేకు, నీరు బేకు. సారు కూడా నేర్చుకున్నాడనుకున్నాం. ఎప్పుడైనా 'వ'లా వినపడినా, 'బ' సరిగ్గా పలకలేకపోతున్నాడు కాబోలని, మా చిట్కా ప్రకారం నేనే మనసులో దిద్దుకున్నాను కూడా. పరాయి భాషవాడు నాలాగే తంటాలు పడుతున్నాడని కాస్త ముద్దొచ్చింది.

బంతి నాకు కావాలి అంటున్నాడు కదా అని, సారు ఎక్కడుంటే అక్కడికి తన్నేవాళ్ళం. ఆయన నిలబడేది గీత అవతల. బంతి గీత దాటి బయటికి పోయేది. గోలు మీదున్న గండం తప్పేది. బ్యాకు చెయ్యాల్సిందీ అదే. ఆయన "గూట్" అనేవాడు. ఆయన చెప్పింది ఒకటి, మేం విన్నది ఇంకొకటి, జరిగింది మాత్రం ఇద్దరికీ నచ్చినట్టే జరిగింది. అందువల్ల ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అందరికంటే నేను బాగా తన్నేవాణ్ణి. సరిగ్గా సారు కాళ్ళ దగ్గరకి పంపేవాణ్ణి. ఆయన నన్ను చూపించి మిగతావాళ్ళని తిట్టేవాడు.

సిరుగుప్పలో ఒక మ్యాచ్ ఓడిపోయి బస్సులో తిరిగి వస్తూ, ఓ మధ్యాహ్నం ఆయన తన కథ చెప్పాడు. బస్సు ఎగిరెగిరి పడుతోంది, పన్ను జేబులో ఉంది. బడి మేనేజరు ముందు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మేం సారు చుట్టూ చేరాం.

చిన్నప్పుడే ఒక పెద్ద క్లబ్బు ఆయన్ని తీసుకుందట. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో దిగే మనిషి. కొడుకు ఎండలో బతుకుతాడని వీధంతా చెప్పుకున్నాడట. పెద్ద మైదానాల్లో ఆడాడు. జనం ఆయన పేరు పాటకట్టి పాడేవాళ్ళు, ఎందుకంటే ఆయన అవతలివాళ్ళ కాళ్ళు విరగ్గొట్టేవాడు. "ఒకడు ఉన్నాడు," అన్నాడు. "ఫార్వర్డు. చాలా చిన్నవాడు, చాలా వేగం. నేను ఆలస్యంగా వెళ్ళాను. కాలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. వాడు మళ్ళీ ఆడలేదు. మా కోచ్ నాకు సారాయి పోయించాడు." ఆ మాట చెబుతూ ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. చెయ్యి ఆగలేదు.

తర్వాత ఏడాదో ఎప్పుడో, గెలవాల్సిన మ్యాచ్‌లో బంతిని తన గోల్లోనే వేసుకున్నాడు. సెల్ఫ్ గోల్. పాటలు పాడిన జనమే ఆయన మీద బీరు విసిరారు. "మర్నాడు పొద్దున క్లబ్బు పెద్ద పిలిచాడు. కూర్చోమనలేదు. ఒక్క మాట అన్నాడు: వెక్."

మేం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. అంత పని చేసినా బేకు అన్నాడా! ఎంత గొప్ప క్లబ్బు!

ఆయన చెబుతూనే ఉన్నాడు. తర్వాత ఇంకో క్లబ్బు, కొంచెం చిన్నది. మోకాలు పోయింది. వాళ్ళూ వెక్ అన్నారు. తర్వాత ఇంకా చిన్నది. వాళ్ళూ వెక్. చివరికి ఏదో పల్లెటూరి జట్టు, ఆదివారాలు కసాయివాళ్ళూ కరెంటు పనివాళ్ళూ ఆడేది. వాళ్ళు కూడా వెక్ అన్నారు. ఆఖరికి భార్య. ఆవిడా అదే మాట అందట. ఇది చెప్పి ఆయన కిటికీలోంచి పొట్టు పారేశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. మా పక్కనున్న గోలీ, గోలు కాసే కుర్రాడు, నా చెవిలో అన్నాడు, "ఎంత లక్కు మనిషో సూడప్పా. పోయిన చోటల్లా బేకు బేకు అన్న్యారు. ఆనంద బాష్పాలు." నేను నిజంగానే అసూయపడ్డాను. నా బతుకులో నన్ను బేకు అన్నవాడు అప్పటిదాకా ఎవడూ లేడు.

వేసవి చివర పెద్ద మ్యాచ్ వచ్చింది. బెంగళూరు నుంచి ఎంచుకునేవాళ్ళు వచ్చారు. వాళ్ళ కోసం గీత పక్కన షామియానా వేశారు, కుర్చీలేశారు, ఓనరు సపరివారంగా కూర్చున్నాడు. సారుకి ఎప్పుడూ నిలబడే చోటు లేకుండా పోయింది. ఆయన విసుక్కుంటూ వెళ్ళి మా గోలు వెనక, వల అవతల నిలబడ్డాడు.

ఆ మ్యాచ్‌లో నేను అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఇది గొప్పకి చెప్పడం కాదు, చూసినవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాకే నవ్వుతారు. ఆట ముగుస్తుందనగా బంతి మా గోలు ముందు నా కాలికి తగిలింది. చుట్టూ ఎవరూ లేరు. వెనక నుంచి కేక వినపడింది. "వెక్! వెక్!"

నేను వెనక్కి తిరిగాను. సారు ఎక్కడున్నాడో చూసుకున్నాను. ఎప్పటిలాగే పాదం లోపలి వైపుతో, తొందర లేకుండా, సరిగ్గా ఆయన కాళ్ళ దగ్గరకి పంపాను. బంతి గోలీ పక్కనుంచి దొర్లుకుంటూ వెళ్ళి వలలో ఆగింది. వలకి అవతల ఆయన బూట్లు.

మొదట ఎవరూ అరవలేదు. తర్వాత షామియానాలో ఓనరు కొడుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. దాంతో అందరికీ అనుమతి దొరికినట్టయింది. లారీ క్లీనర్లు, ఐసు బండివాడు, అవతలి జట్టు, మా జట్టు, అందరూ నవ్వారు. నేను మాత్రం ఈసారి నవ్వలేకపోయాను. మ్యాచ్ ఓడిపోయాం. నేను గోలుపోస్టు పట్టుకుని నిలబడిపోయాను.

సారు వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత నెమ్మదిగా, దాదాపు ప్రేమగా అన్నాడు. "వెక్."

బస్సులో ఆయన చెప్పిన కథ గుర్తొచ్చింది. సెల్ఫ్ గోల్ వేసుకున్నాడు, మర్నాడు క్లబ్బు పెద్ద బేకు అన్నాడు. ఆయన కథే నాకూ జరుగుతోంది! తన పెద్ద తనకి చేసిన మేలు ఆయన నాకు చేస్తున్నాడు. వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. కుట్లు పడ్డ ఆ మోకాళ్ళకి నా నుదురు తగిలింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, అంతే.

ఇంటికి వెళ్ళి చెప్పాను. మా అమ్మ ఏడ్చి, ముఖం కడుక్కుని, మినుములు వేయించింది. మా నాన్న కోడిని కోయించి క్యాంపులో నాలుగిళ్ళకి పంచాడు. పక్కింటాయన "బెంగళూరా!" అని రెండుసార్లు అడిగి, రెండోసారి మా నాన్నని 'మీరు' అన్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద మా నాన్న నా భుజం తట్టి, "అడ్డం పడటం కూడా ఒక ఉద్యోగమేనన్నమాట" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అప్పుడొక్కసారే. అది కూడా నాది కాని దానికి.

బెంగళూరు బస్సు బయల్దేరే రోజున మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో సండూరు వచ్చాడు. నా భుజాన కొత్త బ్యాగు. చేతిలో స్టీలు డబ్బా, మూత మీద మా అమ్మ పేరు చెక్కించినది, లోపల సున్నుండలు. సారుకివ్వమని చెప్పి, డబ్బా మాత్రం మర్చిపోకుండా వెనక్కి తెమ్మని మరీమరీ చెప్పింది.

ఎంపికైన కుర్రాళ్ళు బస్సెక్కేశారు. సారు మెట్టు మీద నిలబడి ఉన్నాడు, పన్ను అప్పటికే జేబులో ఉంది. నన్నూ నా బ్యాగునీ చూసి ముఖం చిట్లించాడు. "వెక్" అన్నాడు.

నేను డబ్బా మూత తీసి ముందుకు చాపాను.

ఆయన డబ్బాలోకి చూశాడు, నన్ను చూశాడు. ఒకటి తీసుకుని కొరికాడు. ముఖం మారింది. మిగతావి కూడా, డబ్బాతో సహా, నా చేతిలోంచి తీసుకున్నాడు. నా చెంప తట్టాడు. "వెక్, వెక్" అంటూ లోపలికి వెళ్ళాడు. నేను వెనకే మెట్టెక్కబోయాను. తలుపు నా ముఖం మీదే మూసుకుంది. బస్సు కదిలింది. నేను దాని పక్కన కొంతదూరం పరిగెత్తాను, బ్యాగు వీపు మీద కొట్టుకుంటూ ఉంటే.

దుమ్ము సర్దుకున్నాక మేనేజరు గేటు దగ్గర నుంచి వచ్చాడు. "ఏమప్పా, యాడికి బయలెల్లినావు బ్యాగేసుకోని?"

"బెంగళూరు. సారు బేకు అన్నాడు."

మేనేజరు మా నాన్న ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు. అతనికి ఆ మాట తెలుసు. రోజూ సారుకి అన్నం పెట్టించేవాడు కదా, ఉప్మా పెడితే ప్లేటు తోసేసి ఆయన అనే మాట అదే. "బేకు కాదప్పా అది. వెక్కు. ఆయప్ప బాసలో పో అని. బేకు కాదు, బేడ." బేడ అంటే అక్కర్లేదు. కన్నడంలో బేకుకి సరిగ్గా ఎదురు మాట.

మా నాన్న నా వైపు చూడకుండా మేనేజరుని అడిగాడు, "ఆ డబ్బా అయినా తిరిగొస్తుందాండీ?"

వారం తిరక్కుండా క్యాంపంతా తెలిసిపోయింది. నాకు పేరు కూడా మారింది, బేకప్ప. టీ హోటల్లో కూర్చుంటే "బేకప్పా, చా బేకా?" అనేవాళ్ళు. ట్రాక్టరు మీద పోతుంటే గట్టు మీంచి పిల్లలు "బేక్! బేక్!" అని అరిచేవాళ్ళు. నేను తల తిప్పేవాణ్ణి, అలవాటు. అది చూసి ఇంకా నవ్వేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవడో తెలివైనవాడు "అమ్మాయి బేకా బేడవా" అన్నాడు. అమ్మాయి కూడా నవ్వింది. మా నాన్న ఇంట్లో బంతి పేరు నేనెన్నడూ ఎత్తలేదు. ఆయన మాత్రం రోజూ ఎత్తేవాడు.

ట్రాక్టరు మీద కొన్నేళ్ళు, తర్వాత అద్దె జీపు. సండూరు, బళ్ళారి, సిరుగుప్ప. మైన్సు వాళ్ళకి బండి కావలిస్తే నాకే ఫోను చేస్తారు. మొన్న వేసవిలో మేనేజరు ఫోను చేసి, సారుని బళ్ళారి స్టేషన్లో దింపాలన్నాడు. ఊరికి సెలవు మీద వెళ్తున్నాడట.

ఓనరు గేటు దాకా వచ్చాడు. సారు చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపాడు, నవ్వాడు. నవ్వుతూనే పక్కనున్న మేనేజరుతో కన్నడంలో అన్నాడు, "ఇన్‌మేలె ఇవ్ను బేడ." ఇకమీదట వీడు అక్కర్లేదు.

సారు జీపెక్కాడు. ముసలివాడయ్యాడు, మోకాలు వంచడానికి తొడని చేతుల్తో ఎత్తుకోవాల్సి వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. ఒళ్ళో చేతిసంచీ, దాంట్లోంచి స్టీలు డబ్బా తీసి మాత్ర వేసుకున్నాడు. మూత మీద మా అమ్మ పేరు.

"మంచి డబ్బా" అన్నాను ఇంగ్లీషులో.

"ఒక కుర్రాడు ఇచ్చాడు. చెత్త ఆటగాడు, తన గోల్లోనే వేసుకున్నాడు. స్వీటు మాత్రం చాలా బాగుంది."

"అది మా అమ్మది," అన్నాను.

ఆయన డబ్బాని చూశాడు, నా ఒళ్ళు చూశాడు. దారంతా మూత మీది పేరుని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. స్టేషను ముందు జీపు ఆగాక మాత్రలన్నీ జేబులో పోసుకున్నాడు. అదే జేబులోంచి పన్ను తీసి పెట్టుకున్నాడు, రైల్లో నలుగురి మధ్య కూర్చోవాలి కదా. ఇన్నేళ్ళున్నా కన్నడం ముక్క రాని మనిషి, దిగబోతూ ఆగి అడిగాడు. "ఓనరు ఒక మాట అన్నాడు. బేడ. అంటే ఏమిటి?"

సెలవు అని చెప్పొచ్చు. క్షేమంగా వెళ్ళిరమ్మని చెప్పొచ్చు. నాకు జాలి కలగలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను, ఆయన భాషలోనే.

"బెక్" అన్నాను. ఇన్నేళ్ళయినా నా నోట్లో ఆ మాట బ తోనే వచ్చింది.

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారికి ఆయన ముఖం మీంచి ఏదో దిగిపోయింది. తర్వాత కోచ్ గొంతుతో అన్నాడు, "బ కాదు. వ. పై పళ్ళు కింది పెదవికి ఆనాలి. చూడు." పన్ను పెదవికి ఆనించి చూపించాడు. "వెక్."

పన్నున్న నోట్లోంచి ఆ మాట నేను వినడం అదే మొదలు. శుభ్రంగా వినపడింది. దాంట్లో ఎక్కడా బ లేదు.

"వెక్" అన్నాను, ఈసారి సరిగ్గా.

"గూట్" అన్నాడు. ఖాళీ డబ్బా నా ఒళ్ళో పెట్టి, కుంటుకుంటూ స్టేషన్లోకి వెళ్ళిపోయాడు.